బి.ఏ.లో గణితం: అర్థశాస్త్రం, గణాంకశాస్త్రాలతో కలిపి చదవడం ఎలా

ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ గాని ఎంఈసీ గాని పూర్తి చేసి, ఇంజనీరింగు వద్దనుకుని, అలాగని గణితాన్ని వదులుకోవడానికీ మనసొప్పక, డిగ్రీలో అర్థశాస్త్రం, గణాంకశాస్త్రాలతో కలిపి గణితం తీసుకునే విద్యార్థుల కోసం ఈ వ్యాసం. ఈ కూర్పు తెలుగు రాష్ట్రాల్లో అన్ని కళాశాలల్లోనూ దొరకదు. కొన్నిచోట్ల బి.ఏ. కింద, మరికొన్నిచోట్ల బి.ఎస్సీ. కింద ఉంటుంది. పేరు ఏదైనా చదవవలసిన గణితం దాదాపు ఒకటే కనుకనే మన డిగ్రీ గణిత పాఠ్యపుస్తకాల అట్టల మీద ‘బి.ఏ./బి.ఎస్సీ.’ అని కలిపి అచ్చువేయడం ఆనవాయితీగా వస్తోంది. ఆర్ట్స్ డిగ్రీలో గణితం ఏమిటని ఆశ్చర్యపోయే బంధువులకు చెప్పడానికి రెండు సంగతులున్నాయి: కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో గణితం చదివినవారికి మొదటి పట్టాగా ఇప్పటికీ ఇచ్చేది బి.ఏ.నే, మన గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో సంపాదించినది ఎం.ఏ. పట్టానే.

ఈ కూర్పులో ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది లెక్కలు కష్టంగా ఉండడం కాదు. గణితాన్ని అర్థశాస్త్రం చదివినట్టు, అర్థశాస్త్రాన్ని గణితం చదివినట్టు చదవడం వల్లనే చిక్కు వస్తుంది. అర్థశాస్త్రంలో ముప్పై పేజీలు ఒక సాయంత్రం చదివి సారాంశం పట్టుకోవాలి. గణితంలో ఒక్క పేజీ దగ్గర ఒక సాయంత్రం కూర్చోవాలి. ఈ రెండు అలవాట్లను విడివిడిగా పెంచుకుని, ఆ తరువాత రెండు సబ్జెక్టులూ ఎక్కడ కలుస్తాయో వెదుక్కోవడమే ఈ డిగ్రీని సరిగా చదవడం అని నా అభిప్రాయం.

చేరే ముందు చూసుకోవలసినవి

తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి ‘దోస్త్’ ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. ఆప్షన్లు పెట్టే ముందు ఆ కళాశాలలో మీరు కోరుకునే కూర్పుకు గత ఏడాది తరగతులు నిజంగా నడిచాయో లేదో సీనియర్లను అడిగి తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే జాబితాలో కనిపించే కోర్సులో చాలినంతమంది చేరకపోతే దాన్ని ఎత్తివేసి విద్యార్థులను వేరే గ్రూపుకు మార్చే ప్రమాదం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి మూడు సమాన సబ్జెక్టుల పద్ధతి పోయి, ఒక మేజరు, దానికి తోడు ఒక మైనరు అనే పద్ధతి వచ్చింది. అక్కడ అర్థశాస్త్రం మేజరుగా, గణితం మైనరుగా తీసుకునేవారు మైనరులో ఏయే పేపర్లు వస్తాయో ముందే చూసుకోవాలి. మేజరు విద్యార్థి చదివే పేపర్లన్నీ మైనరువారికి రావు. తరువాత ఎమ్మెస్సీ గణితం వైపు వెళ్లాలనుకుంటే ఆ లోటును సొంతంగా పూడ్చుకోవలసి ఉంటుంది. కళాశాల ఇచ్చే రంగుల కరపత్రాన్ని పక్కనపెట్టి, విశ్వవిద్యాలయం వెబ్‌సైటు నుంచి సిలబస్ దింపుకుని ఆరు సెమిస్టర్లనూ ఒకసారి చదవండి. అర్థంకాని పేర్లు కనిపించినా ఫరవాలేదు. ఏ సెమిస్టర్‌లో ఏది వస్తుందో తెలిస్తే చాలు.

ఇంటర్ నుంచి వెంట వచ్చేది, రానిది

సెలవుల్లో ఇంటర్ పుస్తకాలు అమ్మేయకండి. ద్వితీయ సంవత్సరం ‘బి’ పేపర్లో చదివిన సమాకలనం, అవకలన సమీకరణాలు డిగ్రీ మొదటి ఏడాదిలో నేరుగా పనికివస్తాయి. ప్రథమ సంవత్సరం ‘ఏ’ పేపర్లోని మాత్రికలు రేఖీయ బీజగణితానికి గుమ్మం వంటివి. గణితానుగమనం అనే చిన్న అధ్యాయాన్ని ఇంటర్‌లో చాలామంది మార్కుల కోసం ఒక నమూనాగా బట్టీపడతారు. దాన్ని మాత్రం మళ్ళీ మొదటి నుంచి చదవాలి, ఎందుకంటే పాఠశాల గణితంలో నిజమైన నిరూపణకు అది అతి దగ్గరి రూపం.

వెంట రానిది అవధి భావన. ఇంటర్‌లో అవధి అంటే సూత్రం వాడి విలువ కట్టడం. డిగ్రీలో వాస్తవ విశ్లేషణ పేపర్ మొదలైన రోజున అవధికి నిర్వచనం ఇస్తారు, ఆపైన ప్రతి మాటనూ ఆ నిర్వచనం నుంచే రాబట్టమంటారు. అంతవరకూ తొంభై మార్కులు తెచ్చుకున్నవారు కూడా తడబడేది ఇక్కడే. మూడు సబ్జెక్టుల విద్యార్థికి ఈ దెబ్బ మరికాస్త గట్టిగా తగులుతుంది, ఎందుకంటే తేరుకోవడానికి కావలసిన సమయాన్ని మిగతా రెండూ అడుగుతూనే ఉంటాయి.

ఒక నిరూపణను చదివే తీరు

ఉదాహరణకు ‘అభిసరించే ప్రతి అనుక్రమమూ పరిబద్ధం’, అంటే ఒక అవధికి చేరే అనుక్రమంలోని పదాలన్నీ ఏదో ఒక హద్దు లోపలే ఉంటాయి, అనే సిద్ధాంతాన్ని తీసుకుందాం. దీని నిరూపణ అరపేజీ కూడా ఉండదు. అనుక్రమం ఒక అవధికి చేరుతోంది కనుక, ఏదో ఒక పదం దాటిన తరువాత పదాలన్నీ ఆ అవధికి ఒక యూనిట్ దూరం లోపలే ఉంటాయి. ఆ పదానికి ముందున్నవి పరిమిత సంఖ్యలోనే ఉన్నాయి కనుక వాటి పరమమూల్యాలలో పెద్దది ఒకటి ఉంటుంది. ఈ రెండు హద్దుల్లో పెద్దదాన్ని తీసుకుంటే అనుక్రమం మొత్తానికీ హద్దు దొరుకుతుంది. ఇక్కడితో పుస్తకంలో నిరూపణ అయిపోతుంది, గైడులో కూడా ఇంతే ఉంటుంది.

చదవడం మాత్రం ఇక్కడ మొదలవుతుంది. పుస్తకం మూసి కాగితం మీద కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఎప్సిలాన్ (అవధికి ఎంత దూరం లోపల ఉండాలో చెప్పే సంఖ్య) విలువ 1 అనే ఎందుకు తీసుకున్నారు, పది తీసుకుంటే ఏమవుతుంది? ఏమీ కాదు, ఏ ధన సంఖ్య అయినా పనిచేస్తుంది. అంటే అది సౌలభ్యం కోసం చేసిన ఎంపిక. మరి ‘పరిమిత సంఖ్యలో’ అనే మాట తీసేస్తే? అప్పుడు నిరూపణ కూలిపోతుంది, అనంతంగా ఉన్న సంఖ్యల్లో పెద్దది అనేది ఉండకపోవచ్చు. అంటే నిరూపణ బరువంతా ఆ మాట మీదే ఉంది. సిద్ధాంతాన్ని తిరగేస్తే, అనగా పరిబద్ధమైన ప్రతి అనుక్రమమూ అభిసరిస్తుందా? −1, 1, −1, 1 అని సాగే అనుక్రమం పరిబద్ధమే గాని ఏ అవధికీ చేరదు. పరిబద్ధమై, ఎప్పుడూ పెరుగుతూ పోయేదైతే? వాస్తవ సంఖ్యల్లో తప్పకుండా అభిసరిస్తుంది. కాని అకరణీయ సంఖ్యలు మాత్రమే ఉన్న లోకంలో 1, 1.4, 1.41, 1.414 అని రెండు వర్గమూలం వైపు పెరుగుతూ పోయే అనుక్రమానికి చేరవలసిన చోటే ఉండదు. వాస్తవ సంఖ్యల సంపూర్ణత (మధ్యలో ఖాళీలు లేకపోవడం) అనే స్వయంసిద్ధాన్ని మొదటి అధ్యాయంలో ఎందుకు పెట్టారో ఈ ఒక్క ఉదాహరణతో బోధపడుతుంది.

అరపేజీ నిరూపణకు ఇలా గంట పడుతుంది. ఆ గంట గడిపిన విద్యార్థికి ఆ నిరూపణను బట్టీపట్టే అవసరం ఇక రాదు, పరీక్షలో సొంత మాటల్లో రాయగలడు. బట్టీపట్టినవారికి ఒక వాక్యం మరిచిపోతే తరువాతి వాక్యాలు అతకవు. పైగా ‘ప్రతి ఎప్సిలాన్‌కూ ఒక ఎన్ (ఎన్నో పదం దాటాలో చెప్పే సంఖ్య) ఉంటుంది’ అనవలసిన చోట ‘ఒక ఎన్ ఉంటుంది, అది ప్రతి ఎప్సిలాన్‌కూ సరిపోతుంది’ అని రాసేస్తారు. వినడానికి రెండూ ఒకేలా ఉన్నా రెండోది పూర్తిగా వేరే విషయం. 1, 1/2, 1/3, 1/4 అనే అనుక్రమం సున్నకు చేరుతుందని అందరికీ తెలుసు, కాని రెండో వాక్యం ప్రకారం చూస్తే అది కూడా అభిసరించనట్టే తేలుతుంది!

బి.ఏ. విద్యార్థికి ఇక్కడ ఒక మేలుంది, దాన్ని చాలామంది గుర్తించరు. నిరూపణ అంటే గుర్తుల వరుస కాదు, వాక్యాల వరుస. అర్థశాస్త్రం సమాధానాల్లో ‘కనుక’, ‘అయితే’, ‘ఒకవేళ’ అని తర్కాన్ని పేరాలుగా రాయడం అలవాటైనవారు ఆ చేతినే గణితంలోనూ వాడితే, గుర్తులు మాత్రమే గుప్పించే విద్యార్థి కంటే స్పష్టమైన సమాధానం రాస్తారు.

రెండు సబ్జెక్టులు కలిసే చోట్లు

ఈ భాగానికి ఎవరూ తరగతిలో సమయం కేటాయించరు. అర్థశాస్త్ర అధ్యాపకులు గణితం జోలికి ఎక్కువగా పోరు, గణిత అధ్యాపకులకు ఉదాసీనతా వక్రరేఖలతో పని లేదు. కలుపుకోవలసినది విద్యార్థే. ఇందుకోసం ఒక నోటుపుస్తకం విడిగా పెట్టుకోవడం మంచిది.

వినియోగదారుడి సమతౌల్యాన్ని, అంటే ఉన్న డబ్బుతో గరిష్ఠ ప్రయోజనం ఇచ్చే కొనుగోలును తీసుకోండి. ఒక వస్తువు ధర 2 రూపాయలు, రెండోదాని ధర 5 రూపాయలు, చేతిలో ఉన్నది 100 రూపాయలు. ప్రయోజనం రెండు వస్తువుల పరిమాణాల లబ్ధమని అనుకుందాం. కలనగణితంలో నేర్చుకున్న లగ్రాంజ్ గుణకం పద్ధతి వాడితే, మొదటి వస్తువు పరిమాణం పరంగా తీసిన పాక్షిక అవకలజం, అంటే రెండో వస్తువు పరిమాణం, లాంబ్డా అనే ఆ గుణకానికి రెండు రెట్లవుతుంది. అలాగే మొదటి వస్తువు పరిమాణం లాంబ్డాకు అయిదు రెట్లవుతుంది. ఖర్చు సమీకరణంలో వీటిని ప్రతిక్షేపిస్తే లాంబ్డా 5 అని, మొదటి వస్తువు 25, రెండోది 10 అని, గరిష్ఠ ప్రయోజనం 250 అని వస్తుంది. గణితం పేపర్లో లెక్క ఇక్కడితో అయిపోయింది, లాంబ్డాను పక్కన పారేస్తాం.

అర్థశాస్త్రానికి కావలసింది ఆ పారేసిన లాంబ్డానే. చేతిలో 100కు బదులు 101 రూపాయలుంటే ఏమవుతుందో లెక్కకట్టండి. పరిమాణాలు 25.25, 10.1 అవుతాయి, ప్రయోజనం 255.025 అవుతుంది. ఒక్క రూపాయి పెరిగితే ప్రయోజనం దాదాపు అయిదు పెరిగింది, లాంబ్డా విలువ అదే. పాఠంలో ‘ద్రవ్యపు ఉపాంత ప్రయోజనం’ అని మాటల్లో చదివినది ఇదే. ఈ లెక్కను ఒకసారి చేతితో చేసినవారికి ఆ నిర్వచనాన్ని మళ్ళీ చదవవలసిన పని ఉండదు.

ఇంకాస్త ముందుకు వెళితే వాస్తవ విశ్లేషణ కూడా ఇక్కడికే వస్తుంది. అసలు గరిష్ఠం ఉంటుందని ఎలా తెలుసు? సంవృతమూ (అంచులు కూడా అందులోనే ఉన్నదీ) పరిబద్ధమూ అయిన సమితి మీద అవిచ్ఛిన్న ప్రమేయం తన గరిష్ఠ విలువను తప్పక పొందుతుందనే సిద్ధాంతం వల్ల తెలుసు. ధరలు రెండూ ధనాత్మకంగా ఉన్నప్పుడు కొనగలిగిన పరిమాణాల సమితి సంవృతమూ పరిబద్ధమూ అవుతుంది. మొదటి వస్తువును ఉచితంగా ఇస్తే సమితి పరిబద్ధం కాకుండా పోయి గరిష్ఠమనేదే ఉండదు. ‘100 రూపాయల వరకు’ అని కాక ‘100 కంటే తక్కువ’ అని నిబంధన పెడితే సమితి సంవృతం కాదు, అప్పుడు ఎంత ఖర్చు పెట్టినా దానికంటే మెరుగైన ఖర్చు ఇంకొకటి ఉంటుంది. 1954లో కెనెత్ ఆరో, జెరార్డ్ డెబ్రూ అనే అర్థశాస్త్రవేత్తలు కలిసి మార్కెట్ సమతౌల్యం ఉనికిని నిరూపించినది ఈ జాతి గణితంతోనే, అయితే అది చాలా పై మెట్టు. డెబ్రూ గణితం చదువుకుని అర్థశాస్త్రంలోకి వచ్చి 1983లో నోబెల్ అందుకున్నాడు.

గణాంకశాస్త్రంతో కలిసే చోటు మరింత సులభంగా కనబడుతుంది. మూడు పరిశీలనలు తీసుకోండి: ఒకటికి 2, రెండుకు 3, మూడుకు 5. కనిష్ఠ వర్గాల పద్ధతిలో ప్రతిగమన రేఖ (పరిశీలనలకు అతి దగ్గరగా పోయే సరళరేఖ) గీస్తే వాలు 1.5, అంతరఖండం 1/3 వస్తుంది. రేఖ చెప్పిన విలువలకూ అసలు విలువలకూ తేడాలు వరుసగా 1/6, −1/3, 1/6. వాటిని కూడితే సున్న. వాటిని 1, 2, 3 లతో గుణించి కూడినా సున్నే. గణాంకశాస్త్రంలో వీటిని సాధారణ సమీకరణాలంటారు. రేఖీయ బీజగణితంలో ఇదే సంగతిని, తేడాల సదిశ (1, 1, 1), (1, 2, 3) అనే రెండు సదిశలకూ లంబంగా ఉందని చెబుతారు. కనిష్ఠ వర్గాల పద్ధతి అంటే ఒక తలం మీదకు లంబం దించడమే అని చూసినవారు, తరువాత చలరాశులు రెండయినా ఇరవై అయినా బెదరరు. రేఖీయ బీజగణితం పేపర్ వచ్చేవరకు ఆగకుండా, గణాంకశాస్త్రంలో ప్రతిగమనం వచ్చిన వారంలోనే అంతర లబ్ధం గురించి నాలుగు పేజీలు చదివిపెట్టుకోండి.

వారం ఎలా సర్దుకోవాలి

గణితానికి రోజూ గంటన్నర, ఉదయం వేళ, సెలవు రోజుల్లో కూడా. మిగతా రెండింటికి వారంలో రెండు మూడు పొడుగాటి విడతలు సరిపోతాయి. గణితాన్ని ఆదివారానికి పోగుచేసి ఒకేసారి చదువుదామనుకుంటే కుదరదు, ఎందుకంటే ముందు పాఠంలోని నిర్వచనం నోటికి కాక చేతికి రాకపోతే తరువాతి పాఠం చెవికి ఎక్కదు. ఆ గంటన్నరలో కనీసం మూడోవంతు, సమాధానం చూడకుండా ఒకే సమస్యతో కూర్చోవడానికి ఉంచండి. చేయలేకపోయినా ఆ సమయం వృథా కాదు. ఎక్కడ ఆగిపోయారో ఒక వాక్యంలో రాసుకుని మరునాడు అధ్యాపకులను ఆ ఒక్క వాక్యమే అడగండి. ‘ఈ చాప్టరు అర్థం కాలేదు సార్’ అన్నవారికి ఎవరూ సాయం చేయలేరు.

తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు మొదటి సెమిస్టర్‌లో తెలుగు అకాడమీ పుస్తకాన్నీ ఆంగ్ల పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివితే రెండో ఏడాదికి ఆంగ్లం ఒక్కటే సరిపోతుంది. గణితంలో భాష పరిమితమైనది, త్వరగానే పట్టుబడుతుంది. అర్థశాస్త్రంలోనే ఎక్కువ సమయం పడుతుంది.

గణితం మీద ప్రేమ మరీ ఎక్కువైనవారికి ఒక హెచ్చరిక కూడా అవసరం. శ్రీనివాస రామానుజన్ 1904లో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో ఉపకార వేతనంతో ఎఫ్.ఏ. (నేటి ఇంటర్మీడియట్ వంటిది) కోర్సులో చేరి, గణితం తప్ప మిగతావి పట్టించుకోక ఆ వేతనం పోగొట్టుకున్నాడు. తరువాత మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరినా ఎఫ్.ఏ. పూర్తిచేయలేకపోయాడు. ఆయనకు ఆ తరువాత జరిగినది మనకు జరుగుతుందని ఎవరూ పూచీ ఇవ్వరు. రెండో భాషలో, అర్థశాస్త్రంలో బ్యాక్‌లాగు పడితే దాన్ని తీర్చుకునే సెమిస్టర్‌లో నష్టపోయేది మళ్ళీ గణితమే.

పరీక్షల సంగతి

పాత ప్రశ్నపత్రాలు చూడడం తప్పు కాదు. అయిదేళ్లవి దగ్గర పెట్టుకోండి. కాని ‘ముఖ్యమైన ప్రశ్నల’ జాబితాతోనే సెమిస్టర్ గట్టెక్కే అలవాటు సమూహాలు, వలయాలు ఉన్న బీజగణితం పేపర్లో బెడిసికొడుతుంది, ఎందుకంటే అక్కడ నిర్వచనంలోని ఒక్క షరతు మార్చి కొత్త ప్రశ్న తయారుచేయడం పేపర్ కూర్చేవారికి చాలా తేలిక. సమాధానం రాసేటప్పుడు ముందు నిర్వచనం పూర్తి వాక్యంగా రాయండి, తరువాత ఏది నిరూపించాలో రాయండి. నిరూపణ సగంలో ఆగిపోయినా దిద్దేవారికి మార్కులు వేయడానికి ఆధారం దొరుకుతుంది.

డిగ్రీ తరువాత దారులు

అర్థశాస్త్రంలో పీజీ చేయాలనుకునేవారికి ఈ కూర్పు చాలా బలమైనది. భారతీయ గణాంక సంస్థ నడిపే క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ మాస్టర్స్ కోర్సు ప్రవేశ పరీక్షలో గణితానికీ అర్థశాస్త్రానికీ రెండింటికీ చోటుంది. ఎమ్మెస్సీ ప్రవేశాల కోసం ఐఐటీలు నడిపే జామ్ పరీక్షలో 2021 నుంచి అర్థశాస్త్రం ఒక పేపరుగా చేరింది. అందులోనూ గణితం, గణాంకశాస్త్రం ఉంటాయి. కేంద్ర విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష ఉంది. ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్షకు డిగ్రీలో గణాంకశాస్త్రం ఒక సబ్జెక్టుగా ఉంటే అర్హత వస్తుంది. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కు మాత్రం అర్థశాస్త్రంలో పీజీ కావాలి. ఉపాధ్యాయ వృత్తి వైపు వెళ్లేవారు బీఎడ్‌లో గణితం మెథడాలజీకి తమ డిగ్రీ సరిపోతుందో లేదో ఆ ఏటి ఎడ్‌సెట్ ప్రకటనలో చూసుకోవాలి.

ఎమ్మెస్సీ గణితానికి వెళ్లదలచినవారు సంకీర్ణ విశ్లేషణ, సంస్థితి శాస్త్రం (టోపాలజీ), బహుచలరాశుల కలనగణితం తమ సిలబస్‌లో ఎంతవరకు ఉన్నాయో చూసుకుని, లేనివాటిని ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ పాఠాలతో రెండో ఏడాది వేసవిలోనే మొదలుపెట్టాలి. జామ్ సాధారణంగా ఫిబ్రవరిలో జరుగుతుంది, దానికి దరఖాస్తులు అంతకుముందు సెప్టెంబరు ప్రాంతంలోనే మొదలవుతాయి. అంటే మూడో ఏడాదిలో సిద్ధం కావచ్చని కూర్చున్నవారికి అయిదో సెమిస్టర్ పరీక్షలు, జామ్ ఒకదాని వెంట ఒకటి వచ్చి పడతాయి. దరఖాస్తు చేసేటప్పుడు కొన్ని సంస్థలు గణితం ఎన్ని సెమిస్టర్లు, ఎన్ని క్రెడిట్లు చదివారో అడుగుతాయి కనుక, ప్రతి సెమిస్టర్ మెమోతో పాటు ఆ ఏటి సిలబస్ ప్రతిని కూడా దాచిపెట్టుకోండి. విశ్వవిద్యాలయాలు సిలబస్ మార్చినప్పుడు పాతది వెబ్‌సైటులో దొరకడం కష్టమవుతుంది.